టోల్ కడతాం, మా జాతకం ఎందుకండీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో గేట్లు లేని టోల్ గురించి వేశారు. కారు ఆపక్కర్లేదు, పైనున్న కెమెరా నంబర్ ప్లేట్ చదివేస్తుంది, ఫాస్టాగ్‌లోంచి డబ్బులు వాటంతట అవే కట్ అయిపోతాయి, ఇక క్యూలే ఉండవు అని మురిసిపోతూ రాశారు. చదివి ఊరుకుందాం అనుకున్నా గానీ మనసు ఒప్పుకోలేదు. అంత రాసినవాళ్లు ఆ కెమెరా తీసిన ఫోటో ఎక్కడికి పోతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరెవరు చూస్తారు అని ఒక్క ముక్క అడగొద్దా?

సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా క్యూ తగ్గితే సంతోషిస్తారు, నేనూ అంతే. టోల్ ఎగ్గొడతానని కూడా అనడం లేదు. ఇదివరకు డబ్బులిచ్చి చిన్న స్లిప్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లం, బూత్‌లో కూర్చున్న కుర్రాడికి మన పేరూ తెలీదు ఊరూ తెలీదు. ఇప్పుడు ట్యాగ్ కావాలంటే ఆర్సీ, కేవైసీ, ఫోన్ నంబర్, అవి చాలవన్నట్టు మధ్యలో కేవైవీ అని, అంటే బండి వివరాల తనిఖీ, ఇంకోటి తెచ్చి కారు ముందు ఫోటో పక్క ఫోటో అప్‌లోడ్ చెయ్యండి లేకపోతే ట్యాగ్ ఆపేస్తాం అని అప్పట్లో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ఇవన్నీ సమర్పించుకున్నాక ఏ ప్లాజా ఏ లేన్లోంచి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వెళ్లామో మొత్తం రికార్డు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోతే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు చోట్లా బడిపిల్లల్లా హాజరు పలికి పోవాల్సిందే.

ఇష్టం లేకపోతే ట్యాగ్ మానెయ్యొచ్చు కదా అంటారేమో. మానేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ట్యాగ్ లేని బండికి డబుల్ టోల్. 2025 నవంబర్ 15 నుంచి దయతలచి, యూపీఐతో కడితే 1.25 రెట్లే, క్యాష్ అయితే మాత్రం డబులే అన్నారు. అంటే వంద టోల్‌కి యూపీఐలో 125, నోటు ఇస్తే 200. యూపీఐలో కూడా మన పేరు, బ్యాంకు అన్నీ పోతాయి. పేరు చెప్పకుండా రోడ్డు దాటే దారి క్యాష్ ఒక్కటైతే, పెద్ద ఫైను సరిగ్గా దానిమీదే వేశారు! రిజర్వ్ బ్యాంకు వేసిన నోటు హైవే మీద సగం విలువే చేసిందన్నమాట.

ఆ మెసేజ్‌ల సంగతి కూడా చెప్పుకోవాలి. మా ఇంట్లో ట్యాగ్ మా బావగారి ఫోన్ నంబర్ మీద ఉంది. మా అక్క కారు తీసుకుని ఎటు వెళ్లినా, టోల్ దాటిన కాసేపటికి ఈయన ఫోన్ టింగుమంటుంది, ఫలానా ప్లాజా, ఇన్ని గంటలకి, ఇంత కట్ అయింది అని. మా బావగారు మంచాయన కాబట్టి సరిపోయింది. అందరి ఇళ్లూ అలా ఉండవు కదండీ. పెళ్లాం ఎటు పోయిందో నిమిషాలతో సహా మొగుడికి చెప్పే ఏర్పాటు చేసిపెట్టి, ఇది సౌకర్యం అంటే ఎలా?

పోనీ ఆ రికార్డైనా నిజమా అంటే అదీ లేదు. కారు ఇంటిముందు కవర్ కప్పుకుని ఉంది, ఎక్కడో టోల్ దాటిందని నాకు మెసేజ్ వచ్చింది. కంప్లైంట్ చేస్తే డబ్బులు తిరిగొచ్చాయి, సంతోషం. కానీ నా కారు ఆ రోజు అక్కడ ఉందన్న ఎంట్రీ తీసేశారా అని అడిగితే అవతలివాళ్లకి ప్రశ్నే అర్థం కాలేదు, డబ్బులొచ్చాయి కదా సార్ అంటారు. రేపు ఏ కేసులోనో పోలీసులు ఆ లిస్టు తీస్తే నేను అక్కడ లేనని ఎవరితో చెప్పించుకోవాలి?

మీరు అనవసరంగా భయపడుతున్నారు, ప్రభుత్వం దగ్గర డేటా భద్రంగా ఉంటుంది అనేవాళ్లు కాస్త వెనక్కి చూడాలి. వాహన్, సారథి డేటాబేస్‌లు, అంటే మన బండి రిజిస్ట్రేషన్లు లైసెన్సుల వివరాలు, ప్రైవేట్ కంపెనీలకి ఇచ్చి 65 కోట్లు సంపాదించామని 2019లో పార్లమెంటులో వాళ్లే చెప్పారు. తర్వాత ప్రైవసీ ఇబ్బందులున్నాయని 2020లో ఆ పాలసీ ఎత్తేశారు. ఎత్తేస్తే, అప్పటికే పోయిన డేటా వెనక్కొచ్చిందా? ఫాస్టాగ్ కూడా టోల్ దగ్గర ఆగలేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోకి వచ్చింది, 2021 జనవరి నుంచి లారీల ఈ-వే బిల్లులకి, అంటే సరుకు రవాణా పత్రాలకి, ముడిపెట్టారు. రేపు ఇంకెక్కడికి పోతుందో.

ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని ఏకగ్రీవంగా చెప్పారు. ఆరేళ్లకి, 2023లో డేటా చట్టం తెచ్చారు, అందులో సర్కారు వారికి మినహాయింపులు దండిగా పెట్టుకున్నారు. పైగా అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో సెక్షన్ మార్చి వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఇవ్వక్కర్లేదన్నారు. ఆఫీసర్ల సంగతి మనం అడిగితే అది వ్యక్తిగతం, మనం ఏ రాత్రి ఎటు పోయామో మాత్రం వ్యక్తిగతం కాదు, భలే.

ఇంత నిఘా పెట్టినవాళ్లు రోడ్డైనా సరిగ్గా చూస్తున్నారా? వర్షం పడితే సర్వీస్ రోడ్డు చెరువు, ప్లాజా పక్కన టాయిలెట్‌కి తాళం. 60 కిలోమీటర్ల లోపు రెండు టోల్ ప్లాజాలు ఉండవు, మూడు నెలల్లో తీసేస్తాం అని 2022 మార్చిలో కేంద్ర రోడ్ల మంత్రిగా గడ్కరీ గారు లోక్‌సభలో అన్నారు. మన డబ్బు కట్ కావడానికి మూడు సెకన్లు చాలు గానీ ఆ మూడు నెలలు ఎప్పటికవుతాయో.

నేను అడిగేది కొంచెమే. పేరూ కేవైసీ లేకుండా కౌంటర్లో డబ్బిచ్చి కొనుక్కునే ప్రీపెయిడ్ ట్యాగ్ ఒకటి మామూలు రేటుకే ఇవ్వండి. టోల్ వసూలై లెక్క తేలాక ఆ ప్రయాణం వివరాలు ఇన్ని రోజుల్లో చెరిపేస్తాం, ఈలోగా ఫలానావాళ్లే చూస్తారు అని రాసి పెట్టండి. రాష్ట్రపతి గారి దగ్గర్నుంచి టోల్ మినహాయింపు ఉన్నవాళ్లందరి లిస్టూ ప్రతి ప్లాజా దగ్గరా అంతెత్తు బోర్డు మీద పెయింట్ చేయించారు కదా, ఈ రెండు లైన్లు దాని కిందే రాయించండి.

ఇట్లు,
రెండు రెట్లు కట్టలేక ట్యాగ్ అంటించుకున్న ఒక పాఠకుడు