గోడ మీద కార్డు, వాల్-ఈ సినిమా, ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బాలల దినోత్సవం నాడు మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి హాల్లో, మనుషులు అంతరిక్ష ఓడలో బతికే 'వాల్-ఈ' అనే యానిమేషన్ సినిమా వేశాం. మర్నాడు వాళ్ల అభిప్రాయాలు పోస్టుకార్డు సైజు అట్టల మీద రాయించి, మెట్ల పక్క గోడకి అంటించాం. అందులో ఒక కార్డుని ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. సాయంత్రానికి అది అన్ని తరగతుల వాట్సాప్ గ్రూపులూ చుట్టి వచ్చింది. "ఓడలో మనుషులు పక్కవాళ్లని చూడకుండా ఎదురుగా ఉన్న తెరనే చూస్తారు. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అంతే. కాకపోతే మాకు ఎగిరే కుర్చీలు లేవు" అని అందులో ఉంది.

అది ఎవరు రాశారో చెప్పమని ఆఫీసుకి ఫోన్లు వచ్చాయి. చెప్పం. కార్డుల మీద పేర్లు వద్దన్నది అందుకే. తీసేయమని కూడా అడిగారు. తీయం. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అది తమ ఇంటి గురించే రాశారని ఎలా అనుకున్నారన్నది మాత్రం నాకింకా అర్థం కాలేదు.

మధ్యలో ఒక మాట: హాఫ్ ఇయర్లీ టైమ్ టేబుల్ డైరీల్లో అంటించాం, చూసి సంతకం పెట్టండి.

సినిమా చూడకుండానే అభిప్రాయాలు పంపినవారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఇది 2008లో పిక్సార్ సంస్థ తీసిన 98 నిమిషాల యానిమేషన్ సినిమా, దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. చెత్తతో నిండిపోయిన భూమిని వదిలి మనుషులు 'యాక్సియమ్' అనే ఓడలో అంతరిక్షంలోకి వెళ్లిపోయి ఏడొందల ఏళ్లవుతుంది. అక్కడ ఎగిరే కుర్చీల్లోంచి లేవక అందరూ లావైపోయి ఉంటారు. కింద మిగిలిన ఒక్క రోబో రోజూ చెత్తని దిమ్మలుగా నొక్కి పేరుస్తుంటుంది. దాని పేరే వాల్-ఈ, తోడు ఒక బొద్దింక. మొక్క కోసం వెతుకుతూ ఈవ్ అనే ఇంకో రోబో వస్తుంది. పాత ఫ్రిజ్‌లో మొలిస్తే వాల్-ఈ తెచ్చి పాత బూటులో పెట్టుకున్న ఒక మొక్క దానికి దొరుకుతుంది. మిగతా కథంతా ఆ మొక్కని ఓడ కెప్టెన్ చేతికి చేర్చడం, ఓడని భూమికి మళ్లించడం.

"మాటలే లేని సినిమా పిల్లలకేం అర్థమవుతుంది?" అని ఒకరు రాశారు. మొదటి అరగంటలో దాదాపు మాటలు లేవన్నది నిజమే. మేం దీన్ని ఎంచుకున్నదే అందుకు. ఇంగ్లిషు బాగా వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లకీ, ఈ ఏడే తెలుగు మీడియం నుంచి వచ్చిన మూడో తరగతి పిల్లాడికీ ఆ అరగంట ఒక్కలాగే అందుతుంది. సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో 'పుష్పక విమానం' మొత్తాన్ని మాటల్లేకుండా నడిపితే మన పెద్దలు హాయిగా చూశారు కదండీ.

"ఇంగ్లిషు కార్టూన్ ఎందుకు, మనవాళ్లది వేయొచ్చుగా?" అన్న ప్రశ్నకి మా సంగీతం టీచరు చెప్పిన జవాబే రాస్తాను. 2009 ఫిబ్రవరి ఆస్కార్లలో ఈ సినిమా ఆరు విభాగాల్లో పోటీపడి, ఉత్తమ యానిమేషన్ చిత్రం ఒక్కటే గెలిచింది. ఓడిపోయిన వాటిలో సంగీతం, పాట ఏ.ఆర్. రెహమాన్ చేతిలో, సౌండ్ మిక్సింగ్ రసూల్ పూకుట్టి బృందం చేతిలో ఓడిపోయింది. ఈ సంగతి తెలిశాక ఆరో తరగతివాళ్లు ఈ సినిమా పాటనీ, గెలిచిన రెహమాన్ పాట 'జై హో'నీ పక్కపక్కన పెట్టి విని, ఏది గెలవాల్సిందో రాశారు. 'జై హో'కి ఓటు వేయనివాళ్లు నలుగురు. ఆ నలుగురి కార్డులే మిగతావాటికంటే బాగున్నాయి, ఎందుకు వేయలేదో చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి.

ఇక నా అసలు గోల ఇది. అభిప్రాయం రాయమంటే మన పిల్లలు "సినిమా చాలా బాగుంది, గ్రాఫిక్స్ సూపర్, మంచి మెసేజ్ ఉంది" అని మూడు ముక్కలు రాసి పెన్ను మూసేస్తారు. ఈ మూడూ ఏ సినిమాకైనా అతుకుతాయి, అసలు చూడకుండా కూడా రాయొచ్చు. మా బడిలో ఇది చెల్లదు. ముందు ఏ సీనో చెప్పాలి. అందులో జరిగిందేమిటో ఒక్క వాక్యంలో రాయాలి. తర్వాత తనకేమనిపించింది, ఎందుకనిపించింది. చివర్న తన మాటకి అడ్డొచ్చేది ఒకటి సినిమాలోంచే వెతికి రాయాలి. పిల్లలందరూ తడబడేది ఈ చివరిదాని దగ్గరే. నచ్చినదాన్లో లోపం పట్టుకోవడం వాళ్లకి ద్రోహం చేసినట్టుంటుంది. కానీ ఆ వాక్యం రాయడం వచ్చిన పిల్ల రేపు ప్రకటన చూసి మోసపోదు. ఫార్వర్డ్ వచ్చింది కదా అని పది మందికి పంపదు. ఎవరో గట్టిగా అరిచారని ఒప్పుకోదు. లెక్కలకి ట్యూషన్, ఇంగ్లిషుకి ట్యూషన్, అబాకస్‌కి ట్యూషన్ పెట్టించే మనం, ఒక మాట అని దాని వెనక నిలబడటం నేర్పడానికి వారానికి పావుగంట ఇవ్వలేమా? ఇవ్వగలం. ఇస్తున్నాం కూడా, శనివారం నాలుగో పీరియడ్‌లో. దాన్ని "టైమ్ వేస్ట్ పీరియడ్" అన్న తండ్రిగారు ఒకసారి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే సంతోషిస్తాను.

వస్తే ఏం వింటారో చెబుతాను. భూమ్మీద జరిగే భాగం బాగుందని, ఓడ ఎక్కాక సినిమా మామూలు పరుగు పందెం అయిపోయిందని ఎనిమిదో తరగతి అమ్మాయి రాసింది. "మొదట మనమే కనుక్కోవాలి, ఓడలో అన్నీ వాళ్లే చెప్పేస్తారు" అన్నది ఆమె కారణం. దానికి అడ్డుగా, వాల్-ఈ, ఈవ్ కలిసి ఓడ బయట ఎగిరే సీన్లో ఒక్క ముక్క చెప్పకపోయినా అన్నీ తెలుస్తాయని తనే రాసుకుంది. సినిమా గురించి రాసే పెద్దలు కూడా మొదటి భాగం మేలా, రెండోది మేలా అన్నదాని మీద చాలా వాదించుకున్నారు. పదమూడేళ్ల పిల్ల రెండు వైపులా తనే వాదించింది.

నాలుగో తరగతి పిల్లాడు మొక్క కనిపించేదాకా సినిమాలో ఆకుపచ్చ రంగే లేదని రాశాడు. అదే బెంచీలో అమ్మాయి, వాల్-ఈ ఇంట్లో వేలాడే రంగుల లైట్లని గుర్తుచేసి వాడి కార్డు కింద బాణం గీసింది. ఇద్దరూ మళ్లీ చూడాలంటున్నారు, ఈసారి రంగులు లెక్కపెట్టడానికి. ఐదో తరగతిలో ఇంకొకరు, వాల్-ఈ లోపలి బోర్డు మార్చాక మరిచిపోయినవన్నీ చివర్లో ఎలా గుర్తొచ్చాయని నిలదీశారు. మా కంప్యూటర్ సారు ఇంకా జవాబు వెతుకుతున్నారు.

మా సైన్సు మేడమ్‌కి మాత్రం ఆ వారం పండగే. అంతరిక్షంలో గాలి లేకుండా చప్పుళ్లు ఎలా వినిపిస్తాయని చాలామంది పట్టుకున్నారు. అది తేలిక తప్పు. వాల్-ఈ పొట్ట తెరిచి మొక్కని బయట శూన్యంలో ఈవ్‌కి చూపిస్తే అది వాడిపోదేమని కొందరు అడిగారు, ఇది కొంచెం పెద్ద తప్పు. భూమి చుట్టూ పాత ఉపగ్రహాలు గుంపుగా ఉండటం, రాకెట్ వాటిని తోసుకుంటూ పోవడం మీద ఆరో తరగతివాళ్లు రాసింది మెచ్చుకోదగ్గది. నిజంగా అంత కిక్కిరిసి ఉండవు. కానీ తగిలితే తోసుకుపోవడం కుదరదు. ఆ వేగాలు సెకనుకి కిలోమీటర్లలో ఉంటాయి. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ అద్దానికి గుంట పెట్టింది మిల్లీమీటరు కూడా లేని రంగు పెచ్చు. మన శ్రీహరికోటలో ఇలాంటి తునకల్ని కనిపెట్టే రాడార్ ఉందనీ, 2030 నాటికి చెత్త మిగల్చని ప్రయోగాలే చేయాలని ఇస్రో లక్ష్యం పెట్టుకుందనీ వాళ్లే వెతికి రాశారు.

అన్నిటినీ మించిన ప్రశ్న ఏడో తరగతి బి సెక్షన్ అమ్మాయిది. బరువు తెలియని చోట ఉండటం వల్ల ఎముకలు క్షీణిస్తాయని కెప్టెన్‌కి వచ్చే వీడియో సందేశంలో చెబుతారు. కానీ ఓడ ఒరిగితే జనమంతా ఒక పక్కకి జారిపోతారు. జారారంటే ఓడలో బరువు ఉన్నట్టే. మరి ఎముకలు ఎందుకు క్షీణించాయి? క్లాసులో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. జవాబు కూడా ఆ పిల్లే తెచ్చింది, మర్నాడు. వ్యోమగాములకి నడుము, తొడ ఎముకల్లో నెలకి ఒక శాతం పైగా ఖనిజం పోతుంది, అందుకే అంతరిక్ష కేంద్రంలో రోజుకి రెండు గంటల దాకా వ్యాయామం చేయిస్తారు. భూమ్మీదే, తల వైపు ఆరు డిగ్రీలు వంచిన మంచాల మీద మనుషుల్ని వారాల తరబడి పడుకోబెట్టి పరీక్షించినా ఎముక, కండ తగ్గాయి. అంటే బరువు ఉన్నా, కాళ్ల మీద మోయకపోతే చాలు. ఓడలో లోపం కుర్చీది. ఇది చదివాక సాయంత్రం ఆట పీరియడ్‌కి బదులు స్టడీ అవర్ పెట్టమన్న అర్జీ మీద నేనేం నిర్ణయించానో మీరు ఊహించగలరు.

ఒక విషయంలో తల్లిదండ్రుల ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది. సినిమా చూశాక ఐదో తరగతిలో ఒక బిడ్డని కొందరు "యాక్సియమ్" అని పిలిచారు. లావుగా ఉన్నవాళ్లని చూసి ఈ సినిమా నవ్విస్తుందని 2008లో అమెరికాలో కూడా అభ్యంతరం వచ్చింది. కుర్చీలోంచి పడి లేవలేని సీన్ దగ్గర మన హాల్లోనూ నవ్వారు. చివర్లో అదే మనుషులు లేచి నిలబడతారు, కెప్టెన్ తన కాళ్ల మీద నడిచి ఆటో పైలట్‌ని ఆపేస్తాడు. నవ్విన పిల్లలకి అది గుర్తుండదు. ఆ పేరు పెట్టినవాళ్లతో విడిగా మాట్లాడాం, ఆగింది. ఇళ్లలో ముద్దుగానే అయినా "బండోడు", "బొండాం" అని పిలిచేవారు కూడా ఆపితే మా పని సగం తగ్గుతుంది.

వాల్-ఈ మంటలార్పే సిలిండర్ పట్టుకుని అంతరిక్షంలో ఎగరడం చూసి, ఒక అపార్ట్‌మెంటులో గోడకున్న సిలిండర్ కొక్కెం మీద చెయ్యి పడిందని తెలిసింది. దయచేసి పెద్దలు చూసుకోండి. ఆ సరదా ఇంట్లోనే తీరే మార్గం సైన్సు మేడమ్ చెప్పారు. ఐదారు మీటర్ల నైలాన్ దారం, పది సెంటీమీటర్ల స్ట్రా ముక్క, పొడుగు బెలూన్, సెల్లోటేపు చాలు. ముందు స్ట్రాలోకి దారం ఎక్కించి, రెండు చివర్లూ కిటికీ చువ్వలకి బిగించి కట్టాలి. బెలూన్ ఊది మూతి వేళ్లతో పట్టుకుని, ఊదాకే స్ట్రాకి టేపు వేయాలి. ముందే వేస్తే బెలూన్ సాగినప్పుడు ఊడిపోతుంది. నూలు దారమైతే రాపిడికి మధ్యలోనే ఆగిపోతుంది, దారం వదులుగా ఉన్నా అంతే. వదిలితే గాలి వెనక్కి, బెలూన్ ముందుకి. దారం లేకుండా వదిలి చూడండి, గిరగిరా తిరిగి ఎక్కడో పడుతుంది. గాలి తోసే తోపు, వస్తువు బరువుకి సరిగ్గా నడిమధ్య ఉండే చోటు గుండా పోకపోతే, ఆ వస్తువు ముందుకి పోవడంతో పాటు తిరుగుతుంది. సినిమాలో వాల్-ఈ తిరిగేదీ అందుకే, ఆ ముక్క వాళ్లు సరిగ్గానే తీశారు.

అభిప్రాయాలు పిల్లలవే కావాలి. ఈసారి ఆరు పుస్తకాల్లో "దృశ్యపరంగా అద్భుతమైన, భావోద్వేగభరితమైన అనుభవం" అన్న వాక్యం అక్షరం తేడా లేకుండా వచ్చింది. ఐదో తరగతి పిల్లలు ఇలా మాట్లాడరు. ఫోన్ని అడిగి రాయించే అమ్మానాన్నలకి నా మనవి ఇంతే: తప్పులున్నా సరే, వాళ్ల మాటే పంపండి. సినిమా అయిపోగానే "ఎలా ఉంది?" అని అడగొద్దు, "బాగుంది" అని పారిపోతారు. రాత్రి గడవనిచ్చి, పొద్దున "ఏ సీన్ తీసేసినా కథ నడుస్తుంది?" అని అడగండి. అప్పుడు ఆపలేరు. చూస్తున్నంతసేపూ మీ ఫోన్ వేరే గదిలో ఉంటే మంచిది. ఆ కార్డు రాసిన పిల్లలు ఎవరైనా అది గమనిస్తారు.

పెద్దల కార్డులు కూడా పెడతాం. ఆఫీసులో ఖాళీ అట్టలున్నాయి, నియమాలు పిల్లలవే: సీను, కారణం, అడ్డొచ్చేది ఒకటి. సినిమా చూసి ఉండాలి.

మిగతావి గబగబా. రెండో టర్మ్ ఫీజు నెలాఖరు లోపు. పటమట బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు వస్తుంది, ఆగి హారన్ కొట్టదు. సాయంత్రం అయిదు దాటాక గేటు దగ్గర ఎదురుచూసే పిల్లలు వాచ్‌మన్ బాధ్యత కాదు. కార్తీక వనభోజనాలు ఈ శనివారం. స్టీలు పళ్లెం, గ్లాసు, మంచినీళ్ల సీసా ఇంటి నుంచే పంపండి. పులిహోర పాలిథిన్ కవర్లో కట్టి పంపితే డబ్బాలోకి మార్చి, కవరు అదే సంచిలో మీకు వెనక్కి పంపుతాం. థర్మోకోల్ ప్లేట్లు గేటు దాటి లోపలికి రావు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు