చేచ్చికి (మలయాళంలో అక్క), నెల్లూరు అక్కకి, ఆదివారం ఆన్‌లైన్ కాల్‌కి వచ్చే నర్సులందరికీ

అందరికీ నమస్కారం. పోయిన వారం మా హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చింది. నా మీద పెట్టిన ఎంక్వైరీ మూసేశారు, నా మీద ఏ చర్యా లేదు. ముందు అమ్మకి ఫోన్ చేశాను. ఆ తర్వాత చెప్పాల్సింది మీకే.

నేను ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ ఆరోగ్య సేవలో నర్సుని, బ్యాండ్ 5 (నర్సులకి మొదటి జీతం మెట్టు). అంతకు ముందు మూడేళ్లు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో చేశాను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసేసుకున్నారు, రెండేళ్ల బాండ్ అని. జీతం పెంచమని నలుగురం కలిసి అడిగితే, మరుసటి వారం నలుగురినీ నాలుగు ఫ్లోర్లకి మార్చేశారు. నోరెత్తకుండా పని చేసుకోవాలని అక్కడే అలవాటైంది. ఆ భయంతోనే ఇక్కడికి వచ్చాను.

ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీకి చదువుకునే రోజుల్లో రూమ్మేట్ చెప్తే ఆర్‌సీఎన్, అంటే రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ అనే నర్సుల యూనియన్‌లో చేరాను. ఇన్సూరెన్స్ లాంటిదనుకున్నాను. 2022 డిసెంబర్ 15న, 20న ఇంగ్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో నర్సులు సమ్మె చేశారు. 1916లో పుట్టిన ఆర్‌సీఎన్ అంత పెద్ద ఎత్తున సమ్మెకి దిగడం అదే మొదటిసారి. మా వాళ్లు మెయిన్ గేటు దగ్గర చలిలో నిలబడితే, నేను వెనక గేటు నుంచి డ్యూటీకి వెళ్లాను. వీసా పోతుందేమోనని టెన్షన్. మరుసటి ఏడాది సమ్మె కొనసాగించాలా అని యూనియన్ మళ్లీ ఓటింగ్ పెట్టినప్పుడు ఇంటికి వచ్చిన కవరు విప్పనే లేదు. 2023 జూన్‌లో ఫలితం వచ్చింది. ఓటు వేసినవాళ్లలో 84 శాతం సమ్మెకే వేశారు. కానీ మొత్తం ఓటర్లలో వేసినవాళ్లు 43 శాతమే, అప్పటి చట్టం ప్రకారం కనీసం 50 శాతం వేయాల్సి ఉండేది. ఆ లెక్కతో సమ్మె ఆగిపోయింది. విప్పని ఆ కవరు మా వంటింటి సొరుగులో చాలా రోజులు అలాగే ఉంది. దాని గురించి ఇప్పటికీ బాధ పడుతున్నాను.

నెల్లూరు అక్క నన్ను ఆదివారం కాల్‌లో చేర్చింది ఆ తర్వాతే. మొదటి రోజే నేను వీసా సంగతి అడిగాను. అక్క, వీసాలు చూసే హోం ఆఫీస్ నిబంధన చదివి తెలుగులో చెప్పింది. హాస్పిటల్ స్పాన్సర్‌షిప్‌తో వీసా మీద ఉన్నవాళ్లు నాలుగు వారాలు దాటి జీతం లేని సెలవు పెట్టకూడదన్న రూల్ ఉంది, కానీ చట్టప్రకారం జరిగే సమ్మె రోజులు అందులో లెక్కకి రావు. ఇంత చిన్న విషయం తెలియకే అప్పుడు వెనక గేటు వెతుక్కున్నాను. వార్డులో మనుషులు తక్కువైన ప్రతిసారీ డేటిక్స్‌లో, అంటే హాస్పిటల్లో జరిగే పొరపాట్లు, ప్రమాదాలు నమోదు చేసే కంప్యూటర్ సిస్టమ్‌లో రిపోర్ట్ రాయాలని కూడా అక్కే పదే పదే చెప్పేది.

నాలుగు నెలల కిందట ఒక నైట్ డ్యూటీలో తోటి నర్సుని వేరే వార్డుకి పంపేశారు. పన్నెండు మంది పేషెంట్లకి నేనొక్కదాన్నే. ఒకరికి ఐవీ యాంటీబయాటిక్ రెండు గంటలకి పైగా ఆలస్యమైంది. పేషెంట్‌కి ఏమీ కాలేదు. కానీ వారంలోపు హియరింగ్‌కి రమ్మని పిలుపు వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు.

అప్పుడు మా స్టీవర్డ్, అంటే హాస్పిటల్లో యూనియన్ ప్రతినిధి అయిన చేచ్చి నా పక్కన నిలబడ్డారు. హియరింగ్‌లో యూనియన్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మనకి ఉంది. ఆవిడ మాట్లాడొచ్చు, మధ్యలో మనతో సంప్రదించొచ్చు, కానీ ప్రశ్నలకి జవాబు మనమే చెప్పాలి. అందుకని రెండు సాయంత్రాలు వాళ్ల వంటింట్లో కూర్చోబెట్టి, పుట్టు, కడలకూర పెట్టి, హియరింగ్‌లో అడగబోయే ప్రశ్నలన్నీ తనే అడిగారు. ఏడుపొస్తే ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు. ఆ నైట్ డ్యూటీ నాటి రోస్టర్ కాపీ తెప్పించారు. ఆలస్యం జరగకముందే నేను రాసిన డేటిక్స్ బయటికి తీశారు. లోపల నా గొంతు వణికింది, అయినా చెప్పాల్సిందంతా నేనే చెప్పాను.

ఆ సాయంత్రాల్లోనే చేచ్చి ఇంకో మాట చెప్పారు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక మన దేశంలో ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేశారట. 200 పడకలు దాటిన హాస్పిటల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఉన్నా నెలకి 20,000 రూపాయలు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. మా హైదరాబాద్ హాస్పిటల్లో 200 పడకల పైనే ఉండేవి. ఆ మాట నేను ఒక మలయాళీ అక్క నోట ఇంగ్లండ్‌లో విన్నాను.

చేచ్చీ, అక్కా, మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. హియరింగ్ రోజు నా డ్యూటీ మార్చుకున్న ఇద్దరు చెల్లెళ్లకి, రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టినా జవాబిచ్చిన గ్రూపు వాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు. స్టీవర్డ్ ట్రైనింగ్‌కి నా పేరు ఇచ్చాను.

కొత్తగా వచ్చిన చెల్లెళ్లూ, యూనియన్‌లో ఇప్పుడే చేరండి. సమస్య వచ్చాక చేరితే ఆ పాత సమస్యకి సాయం దొరకదు. ఈ ఆదివారం కాల్‌లో డేటిక్స్ ఎలా రాయాలో నేనే చెప్తున్నాను. నైట్ నుంచి వచ్చి నిద్ర లేచేవాళ్ల కోసం సాయంత్రం ఏడింటికి పెట్టాం.