శనివారం టేబుల్ గురించి, ఆ కథ విషయంలో నా నిర్ణయం గురించి

మన బోర్డ్ గేమ్ కెఫేకు క్రమం తప్పకుండా వచ్చే మిత్రులందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రాలు లోపలి గదిలో నడుస్తున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్, అంటే ప్లేయర్లు తలా ఒక పాత్రను తీసుకుని వారాల తరబడి కలిసి నడిపే కథ, ఆగిపోయింది. కొన్నాళ్ల విరామమేనని కొందరికి చెప్పినట్టు తెలిసింది. అది విరామం కాదు, ఆ బృందం విడిపోయింది. హైదరాబాద్‌లో ఈ కెఫే తెరిచాక ఒకే కథతో అంత కాలం నడిచిన టేబుల్ మరొకటి లేదు. మీలో చాలామంది ఆ ఆటను పక్కన నిలబడి చూసి, ఆ తర్వాతే సొంతంగా ఒక క్యారెక్టర్ షీట్, అంటే తమ పాత్ర వివరాలు రాసుకునే కాగితం, నింపడానికి ధైర్యం చేశారు. అందుకే ఏం జరిగిందో, దానిపై నేనేం నిర్ణయించానో మీరు నా నోటి నుంచే వినాలి. ఆ బృందంలోని వారందరికీ ముందే చెప్పి రాస్తున్నాను, ఎవరి పేరూ రాయడం లేదు.

చివరి సెషన్‌లో ఒక పాత్ర చనిపోయిందనీ, ఆ గొడవతోనే అందరూ లేచి వెళ్లిపోయారనీ బయట అనుకుంటున్నారు. పాత్ర చనిపోయిన మాట నిజమే. హిట్ పాయింట్లన్నీ, అంటే ప్రాణబలం లెక్కంతా, పోయి ఆ పాత్ర నేల మీద పడి ఉంది, బతుకుతుందో లేదో డైస్‌తో తేల్చే డెత్ సేవ్‌లు అప్పటికే రెండు తప్పాయి, మూడోది తప్పితే ప్రాణం పోయినట్టే. పక్కనే ఉన్న సహచరుడు తన వంతులో శత్రువును కొట్టి, అదే వంతులో పడిపోయినవాడికి గాయాలు మాన్పే హీలింగ్ పోషన్ కూడా తాగిస్తానన్నాడు. 2024లో సవరించిన నియమాల ప్రకారం పోషన్ తాగించడం బోనస్ యాక్షన్, అంటే ఆ వంతులోని ప్రధాన యాక్షన్‌తో పాటు చేయగల చిన్న పని, కాబట్టి అది చెల్లుతుంది. 2014 నియమాల ప్రకారం దానికి పూర్తి యాక్షన్ ఖర్చవుతుంది కాబట్టి చెల్లదు. ఈ క్యాంపెయిన్ మొదలైంది పాత నియమాలతోనని, కథ నడిపే డంజన్ మాస్టర్, అంటే మన డీఎం, గుర్తుచేశారు. టేబుల్ మీద మాత్రం రెండు పుస్తకాలూ తెరిచి ఉన్నాయి. తర్వాత మూడో డెత్ సేవ్‌కు వేసిన డైస్ తప్పింది.

ఆ రాత్రి ఆ టేబుల్‌కు చివరిది అయింది గానీ, అది విడిపోవడం అంతకు చాలా ముందే మొదలైందని నా అభిప్రాయం. ఈ గదుల్లో ఎన్నో బృందాలు కూడడమూ, చెదిరిపోవడమూ చూశాను. వాటిలో కొట్లాడుకొని విడిపోయినవి తక్కువ, తేదీలు కుదరక నీరసించిపోయినవే ఎక్కువ. డీఎంతో కలిపి ఆరుగురు మనుషులు ఒకే సాయంత్రం నాలుగు గంటల పాటు ఖాళీగా ఉండడం మన ఊళ్లో మాటలు కాదు. ఒకరికి అమెరికా క్లయింట్ వేళలకు తగ్గట్టు నైట్ షిఫ్ట్ పడింది. మరొకరి ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజులన్నీ శని, ఆదివారాల్లోనే పెడతారు. ఇంకొకరు ఆగస్టులో ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్లారు. వాట్సాప్ గ్రూపులో డీఎం పోల్ పెడితే ఇద్దరు వెంటనే టిక్ పెట్టేవారు, ఒకరు చూసి చెప్తాననేవారు, మిగిలినవారు చూసి కూడా ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం ప్లేయర్లకు చిన్న విషయంగానే కనిపిస్తుంది. వారమంతా రాత్రుళ్లు కూర్చుని, ఎవరు ఎటు వెళ్లినా కథ తెగిపోకుండా ఊళ్లూ, మ్యాపులూ, శత్రువుల లెక్కలూ సిద్ధం చేసుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు.

అమెరికా వెళ్లినవారి స్థానంలో వచ్చిన ప్లేయర్ చక్కగా ఆడతారు. అయితే ఆయన ఈ ఆట నేర్చుకున్నదే 2024 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తో. డీఎంలకు కావలసిన పుస్తకం నవంబర్‌లోనూ, రాక్షసుల పుస్తకం 2025 ఫిబ్రవరిలోనూ వచ్చాయి కాబట్టి, ఆ మధ్య నెలల్లో మన టేబుళ్లు చాలావరకు సగం పాత, సగం కొత్త నియమాలతోనే నడిచాయి. పాత సాహసాలతో కొత్త నియమాలు కలిసి నడుస్తాయని ప్రచురణకర్తలూ చెప్పారు. మామూలు పోరాటాల్లో ఆ తేడా పెద్దగా తెలియదు, ప్రాణం మీదికి వచ్చిన వంతులో తెలుస్తుంది. అభిరుచులు కూడా కలవలేదు: కొత్తగా వచ్చినవారికి పోరాటాలు ఇష్టం, పాతవారిలో ఇద్దరికి ఒక సాయంత్రమంతా సంతలో బేరమాడుతూ, ఊరి పెద్దలతో మాట్లాడుతూ గడపడం ఇష్టం. ఇవన్నీ తేల్చుకోవడానికే క్యాంపెయిన్‌కు ముందు సెషన్ జీరో అని ఒకటి కూర్చుంటారు. ఆ టేబుల్ తొలి సభ్యులు దాన్ని ఎప్పుడో ముగించారు గానీ, కొత్తవారి కోసం మళ్లీ కూర్చోలేదు.

ఇక నా నిర్ణయం సంగతి.

ఆ తర్వాతి వారం నలుగురు ప్లేయర్లు నా దగ్గరికి వచ్చారు. డీఎం ఇక ఆడించనన్నారనీ, మన కెఫేలోని మరో డీఎంను కూర్చోబెట్టి అదే కథను, అదే లోకంలో, తాము ఆపిన చోటి నుంచే కొనసాగించాలనీ అడిగారు. ఒకరు తమ క్యారెక్టర్ షీట్ తీసి కౌంటర్ మీద పెట్టారు. హిట్ పాయింట్ల గడిలో రాసి, చెరిపి, మళ్లీ రాసి కాగితానికి చిల్లుపడితే, వెనక నుంచి మరో కాగితం ముక్క అతికించి దాని మీద రాస్తూ వచ్చారు. ఆ షీటును చూశాక వారి అడగడంలో న్యాయం లేదని అనలేకపోయాను. ఆ లోకంలో ఒక రేవు పట్టణానికి పేరు పెట్టింది వారే. రెండు మాటలు చెప్పి వెళ్లిపోవడానికి డీఎం సృష్టించిన ఒక సత్రం యజమానితో స్నేహం చేసి, అతణ్ని కథలో నిలబెట్టిందీ వారే.

అదే రాత్రి డీఎం నుంచి కూడా మెసేజ్ వచ్చింది. తన నోటుపుస్తకాలూ, మ్యాపులూ మన లాకర్‌లో ఉన్నాయనీ, వాటిని ఎవరికీ ఇవ్వవద్దనీ, ఆ లోకాన్ని మరొకరి చేత నడిపించవద్దనీ ఆమె కోరారు. కోపంతో రాసిన మాట ఒక్కటీ అందులో లేదు.

ఈ రెండు కోరికల మధ్య నేను చాలా రోజులు నలిగిపోయాను. శనివారం సాయంత్రం లోపలి గదికి ఉన్న గిరాకీ మీకు తెలుసు. ఆ నలుగురూ ఎన్నడూ బాకీ పెట్టినవారు కారు, అడిగినదీ పెద్ద కోరిక కాదు, ఆడించడానికి మరో డీఎం సిద్ధంగానే ఉన్నారు. ఊళ్ల పేర్లూ, రాజుల పేర్లూ మార్చి అదే కథ నడిపిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది నాకు అడగకుండా తీసుకోవడం కన్నా హీనంగా తోచింది.

విడిపోయాక కథ ఎవరిది అనే ప్రశ్న ఈ ఆటకు పుట్టుకతోనే వచ్చింది. 1974లో దీన్ని కలిసి తెచ్చిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఎక్కువ కాలం కలిసి లేరు. ఆర్నెసన్ 1976లో ఈ ఆటను ప్రచురించిన టీఎస్‌ఆర్ కంపెనీని వదిలారు, తనకు రావలసిన రాయల్టీల కోసం 1979లో దావా వేశారు, 1981లో రాజీ కుదిరింది. 1985లో గైగాక్స్ కూడా అదే కంపెనీలో పట్టు కోల్పోయి, మరుసటి ఏడాది బయటికి వెళ్లిపోయారు. లేక్ జెనీవాలో తన ఇంటి బేస్‌మెంట్‌లో స్నేహితులతో ఆడిస్తూ ఆయన పెంచిన గ్రేహాక్ లోకం కంపెనీ దగ్గరే ఉండిపోయింది, ఆ తర్వాత దానిలో ఇతరులు సాహసాలు రాశారు. కాగితాల ప్రకారం కంపెనీకి ఆ హక్కు ఉంది. నాకు అలాంటి కాగితం ఏదీ లేదు, ఉండాలని కోరుకోవడమూ లేదు. నేను గది ఇచ్చాను, బల్ల ఇచ్చాను, చాయ్ పంపించాను. అంతమాత్రాన ఆమె కట్టిన లోకాన్ని మరొకరి చేతిలో పెట్టే అధికారం నాకు రాదు. అందుకే ఆ నలుగురికీ కాదని చెప్పాను.

అందులో ఇద్దరు ఆ తర్వాత రావడం మానేశారు. డబ్బు కట్టేవారి మాట తోసేసి, కట్టనివారి మాట విన్నానని అన్నట్టు నాకు తెలిసింది. డీఎంల దగ్గర ఈ కెఫే ఏనాడూ టేబుల్ రుసుము తీసుకోలేదు, ఇకపైనా తీసుకోదు, ఎందుకంటే వారు పడే శ్రమ లేకపోతే ఆ బల్ల చుట్టూ కూర్చునేవారే ఉండరు. ఆ మాట నన్ను బాధపెట్టిందని దాచుకోను. వారు తిరిగి వస్తే మునుపటిలాగే ఆదరిస్తాను, కానీ నిర్ణయం మాత్రం మారదు.

వారి పాత్రలు మాత్రం ముమ్మాటికీ వారివే. షీట్లూ, ఒక ప్లేయర్ ప్రతి సెషన్‌కూ రాసుకుంటూ వచ్చిన డైరీ, పాత్రల చిన్న బొమ్మలైన మినియేచర్లూ కౌంటర్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆ పాత్రలను మరో డీఎం ఒప్పుకున్న మరో లోకంలోకి తీసుకువెళ్లవచ్చు. జరగని సెషన్లకు కట్టిన అడ్వాన్సు ఇప్పటికే తిరిగి ఇచ్చేశాను.

వచ్చే నెల నుంచి కొన్ని మార్పులు ఉంటాయి. దీర్ఘకాలపు క్యాంపెయిన్‌కు గదిని గడువు లేకుండా కేటాయించను. ప్రతి బృందమూ తన కథను మూడు నెలల భాగాలుగా మలచుకోవాలి. భాగం ముగిసిన చోట ఎవరైనా మర్యాదగా తప్పుకోవచ్చు, డీఎం కూడా తప్పుకోవచ్చు. కొత్త సభ్యుడు చేరితే సెషన్ జీరో మళ్లీ జరగాలి, ఆ సాయంత్రానికి గది రుసుము ఉండదు. 2014 నియమాలా, 2024 నియమాలా అన్నది టేబుల్ బుక్ చేసేటప్పుడే రాసి ఇవ్వాలి, మధ్యలో మార్చుకుంటే అందరూ కలిసే మార్చుకోవాలి.

శనివారం సాయంత్రం గదిని ఓపెన్ టేబుల్‌గా మారుస్తున్నాను. బెన్ రాబిన్స్ అనే అమెరికన్ డీఎం తన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్‌ను నిర్ణీతమైన రోజు, నిర్ణీతమైన బృందం లేకుండా నడిపారు. ఎవరు, ఎప్పుడు, ఎటు బయలుదేరాలో ప్లేయర్లే కూడబలుక్కొని చెప్పేవారు. 1974 నాటి మొదటి నియమాల్లోనూ ఒకే నిర్వాహకుడి కింద నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చనే ఉంది. ఈ పద్ధతిలో ఒకరికి నైట్ షిఫ్ట్ పడితే కథ ఆగదు, ఆ వారం వచ్చినవారు ఆ వారానికి సరిపడే ప్రయాణం చేసి ఊరికి తిరిగి వస్తారు. ఒకే బృందం ఏళ్ల తరబడి కలిసి ఆడితే వచ్చే దగ్గరితనం ఇందులో రాదు, ఆ సంగతి నాకు తెలుసు. అది కావలసినవారికి మిగతా రోజుల్లో గది ఉంది.

ఆడాలనుకునేవారు కౌంటర్ దగ్గరున్న పుస్తకంలో పేరు, మీకు వీలైన వారాలు రాయండి. ఆ పాత లోకం పేరుతో గానీ, దాని ఊళ్లతో గానీ ఈ కెఫేలో ఏ టేబులూ నడవదు. ఆమె స్వయంగా వచ్చి మళ్లీ ఆడిస్తానంటే లోపలి గది ఆమెకు ఇస్తాను. అప్పటిదాకా ఈ విషయం గురించి ఆమెకు మెసేజ్‌లు పెట్టి ఒత్తిడి చేయవద్దని మిమ్మల్నందరినీ కోరుతున్నాను.