బొంతల సంఘం జమా ఖర్చుల వివరణ: 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు

శ్రీకాకుళం

సభ్యులకు, చీరలు పంపినవారికి, విరాళాలిచ్చినవారికి నమస్కారం.

ఏటా పద్దులు చదివి వినిపించి సరిపెడుతున్నాం. ఈసారి మాత్రం సమావేశాల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది: "చీరలు ఊరికే వస్తున్నాయి, కుట్టేది మనమే, మరి బొంతకు ఖర్చేమిటి?" అడగవలసిన ప్రశ్నే. అందుకే ముందు అంకెలు, ఆ తర్వాత ఏ పద్దు ఎందుకు పడిందో రాస్తున్నాం.

జమ (రూపాయల్లో)

గత ఏడాది నిల్వ (బ్యాంకు 14,260, నగదు 1,340): 15,600
సభ్యత్వ రుసుము, 46 మంది, తలకు 300: 13,800
కొత్తగా చేరినవారి ప్రవేశ రుసుము, 9 మంది, తలకు 100: 900
శిక్షణ ఫీజు, 22 మంది, తలకు 350: 7,700
జనవరి ప్రదర్శనలో అమ్మకం: 37,700
చంటిపిల్లల బొంతలకని ప్రత్యేకంగా ఇచ్చిన విరాళాలు: 18,500
సాధారణ విరాళాలు: 4,000
కార్తీక వనభోజనాల చందా: 10,600
బ్యాంకు వడ్డీ: 412
నిల్వతో కలిపి మొత్తం: 1,09,212

ఖర్చు (రూపాయల్లో)

కుట్టినవారి వాటా, అమ్మకంలో నూటికి 60: 22,620
దారం, సూదులు, కత్తెరలు, వేలి తొడుగులు, సాన: 5,430
మల్ గుడ్డ, 120 మీటర్లు, మీటరు 58: 6,960
టైలర్ల దగ్గర కొన్న కటింగ్ ముక్కలు, 35 కిలోలు, కిలో 40: 1,400
చీరల ఉతుకు, రవాణా: 4,690
శిక్షణ ఖర్చు: 4,880
గది అద్దె 6,600, టీ ఫలహారం 4,620: 11,220
ప్రదర్శన ఖర్చు: 7,300
వనభోజనాలు: 12,800
చంటిపిల్లల బొంతల వేడినీళ్ల ఉతుకు, కవర్లు, ఆటో: 1,860
కుట్టుమిషను మరమ్మతు (బెల్టు, బాబిన్ కేసు): 850
స్టేషనరీ, బ్యాంకు చార్జీలు: 811
మొత్తం ఖర్చు: 80,821
మార్చి 31 నాటి నిల్వ (బ్యాంకు 26,940, నగదు 1,451): 28,391

ఇక చీరల సంగతి. ఈ ఏడాది 210 చీరలు వచ్చాయి. బొంతకు పనికొచ్చినవి 124. మిగతా 86 ఏమయ్యాయని అడుగుతారు కనుక ముందే చెబుతున్నాం. 51 పాలిస్టరువి, లేదా పాలిస్టరు కలిసినవి. చూపుకు నూలు చీరలాగే ఉంటాయి. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే తేలిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. దాన్ని బొంతలో పొరగా పెడితే చెమట పీల్చదు, పక్క పొరలతో కలిసి ఉండకుండా జారిపోతుంది. ఈ 51 చీరలనూ ఉతకకముందే పక్కన పెట్టాం. వాటిలో గట్టివి చేతి సంచులయ్యాయి. మరో 22 చీరలు ఉతికి పిండేటప్పుడే చిరిగాయి. 13 చీరలకు రంగు ఆగలేదు.

రంగు విషయంలో ఒక మాట. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్మకం. కొట్లో కొన్న చీరకు అద్దకం దగ్గరే రంగు పట్టి ఉండాలి, ఇంట్లో ఉప్పు వేసినంత మాత్రాన పట్టదు. తడి చీర మీద తెల్లగుడ్డ వేసి గట్టిగా అదిమి చూడడమే పరీక్ష. తెల్లగుడ్డకు మరక అంటితే ఆ చీర బొంతలోకి వెళ్లదు. ఎరుపు, మెరూన్, నలుపు చీరలకు రెండోసారి కూడా చూస్తున్నాం, ఎందుకంటే కుట్టడం పూర్తయ్యాక దిగిన రంగును తీయడం ఎవరివల్లా కాదు.

ఉతికినవి మొత్తం 159 చీరలు. ఉతికిన మనిషికి ఆరు రోజుల కూలి 3,000, సబ్బుపొడి 9 కిలోలకు 990, ఇళ్ల నుంచి చీరలు తెచ్చిన ఆటోకు 700, మొత్తం 4,690. దీన్ని పనికొచ్చిన 124 చీరలకు పంచితే ఒక్కో చీరకు సుమారు 38 రూపాయలు పడింది. ఊరికే వచ్చిన చీర ధర అది. పంపేవారు పాలిస్టరు చీరలు ముందే వేరుచేసి, ఉతికి పంపితే ఈ పద్దు సగానికి దిగుతుంది.

124 చీరల వాడకం ఇలా ఉంది. పెద్ద బొంతలు 20, ఒక్కోదానికి రెండు చీరలు, అంటే 40. చిన్న బొంతలు 148 (చంటిపిల్లలవి 118, అమ్మకానికి రంగులవి 30), రెంటికి ఒక చీర, అంటే 74. శిక్షణకు 5. స్టాకులో 5.

ఒక చీరలో చిన్న బొంతలు రెండే ఎందుకని కొత్తవారు అడిగారు. చిన్న బొంత పూర్తయ్యాక 30 అంగుళాలు, 36 అంగుళాలు. మడతకు అంగుళం కలిపి 31, 37 కత్తిరించాలి. అయిదున్నర మీటర్ల చీర 216 అంగుళాల పైచిలుకు. పొడవున ఆరు ముక్కలొస్తాయి, ఏడో ముక్కకు అరంగుళం చాలదు. ఒక్కో బొంతలో పైగుడ్డ కాక మూడు పొరలు కాబట్టి ఆరు ముక్కలకు రెండు బొంతలు. ఆ అరంగుళం కోసం మడత తగ్గిస్తే మూడు ఉతుకులకే అంచు విడిపోతుంది.

పెద్ద బొంతకు చీరను సగానికి కత్తిరిస్తే 108 అంగుళాల ముక్కలు రెండు. రెండు చీరలకు నాలుగు పొరలు, పైన అతుకుల గుడ్డ. కుచ్చిళ్ల దగ్గర, నడుము చుట్టూ చీర త్వరగా నలుగుతుంది. పైట చెంగు గట్టిగా ఉంటుంది. నలిగిన భాగాన్ని లోపొరల్లో పెట్టి గట్టి భాగాన్ని అడుగుకు తేవాలి. అతుకు మీద అతుకు రాకుండా పొరలను అటూ ఇటూ జరపాలి. సూదులు విరిగేది అక్కడే. ఏడాదిలో 12 ప్యాకెట్ల సూదులు కొనవలసి రావడానికి సగం కారణం ఇదే, మిగతా సగం తుప్పు. వానాకాలంలో సూదులను నూనె గుడ్డలో చుట్టి పెట్టండి.

దారం పద్దు పెద్దదిగా కనిపిస్తోందన్నారు. లెక్క చూడండి. పెద్ద బొంత వెడల్పు 42 అంగుళాలు, పొడవు 78. వరసల మధ్య అరంగుళం వదిలితే 84 వరసలు, కొలిస్తే 166 మీటర్లు. దారం పొరల్లోకి దిగి పైకి రావడానికి, కొసల్లో వదలడానికి ఐదో వంతు కలిపితే 200 మీటర్లు. చిన్న బొంతకు 70. ఇరవై పెద్దవి, నూట నలభై ఎనిమిది చిన్నవి, శిక్షణలో వాడినది కలిపి 16,500 మీటర్ల పైన పట్టింది. వెయ్యి మీటర్ల కోనులు 18 కొన్నాం, ఒక్కోటి 190, మొత్తం 3,420. కోనున్నర ఇంకా ఉంది. చవకని మిషను పాలిస్టరు దారం కొనమన్న సలహా మాకు నచ్చలేదు. ఆ దారం తెగదు నిజమే, కానీ మెత్తబడిన పాత చీరను అదే కోసేస్తుంది. మూడు పోగుల నూలు దారమే వాడాలి. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, గుడ్డ కోసుకుపోతే ఏం చేస్తాం?

సూదిలో దారం మూరన్నర దాటకూడదు. ఎక్కువ తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందనుకుంటారు గానీ, గుడ్డలోంచి అన్నిసార్లు దూరి దారం నూగు లేస్తుంది, ముడులు పడతాయి, తెంపి పారేసేదే ఎక్కువవుతుంది.

గది అద్దె మీద కూడా మాట వచ్చింది. ఎవరింట్లోనైనా కూర్చోవచ్చు కదా అన్నారు. పెద్ద బొంత పొరలు పరచాలంటే చుట్టూ మనుషులు కూర్చునేలా పదడుగుల నేల ఖాళీగా ఉండాలి. నలుగురు నాలుగు మూలలా పట్టి లాగి, జానెడు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేసి పొరలు కదలకుండా చేసేదాకా అసలు కుట్టు మొదలుపెట్టకూడదు. ఒక్కరే ఇంట్లో మంచం మీద పరిచి కుట్టిన బొంతకు నడుమ ఉబ్బు వస్తుంది. అసలు కుట్టు మధ్య నుంచి అంచులకు పోవాలి. అన్ని వరసలూ ఒకే వైపు నుంచి మొదలుపెడితే పైగుడ్డ ఒక పక్కకు జరిగి బొంత వంకర పోతుంది, కనుక ఒక వరస ఇటు నుంచి, ఒక వరస అటు నుంచి. రెండో శనివారాలు కలుసుకునేది ముఖ్యంగా ఈ పనికే, కబుర్లు దానితోపాటే. అక్టోబరు 12 విజయదశమి కావడంతో ఆ నెల సమావేశం లేదు, అందుకే అద్దె, టీ ఖర్చు పదకొండు నెలలకే ఉన్నాయి. అద్దె నెలకు 600, టీ పకోడీలకు 420.

రెండో శనివారం బ్యాంకులకు సెలవు. ఆ రోజు వసూలైన నగదు సోమవారం దాకా కోశాధికారి దగ్గరే ఉంటుంది. రసీదు తేదీకీ, బ్యాంకు పుస్తకంలో తేదీకీ రెండు రోజుల తేడా కనిపించడానికి కారణం అదే. వీలైనవారు యూపీఐ ద్వారా పంపితే ఇబ్బంది ఉండదు.

చంటిపిల్లల బొంతల నిధిని విడిగా చూపించడం మా బాధ్యత. 18,500 వచ్చింది. 118 బొంతలు తయారయ్యాయి. చలికాలంలో పుట్టిన పిల్లలకు అందేలా డిసెంబరులో 70, జనవరిలో 40 పట్టణంలోని ప్రసూతి వార్డులకు ఇచ్చాం. 8 మన దగ్గరున్నాయి. ఒక్కో బొంతకు మల్ గుడ్డ 59, చీర 19, దారం 13, ఉతుకు కవరు ఆటో 16, వెరసి 107 రూపాయలు. కుట్టు కూలి లేదు, సభ్యుల సేవే. మొత్తం ఖర్చు 12,631, మిగిలింది 5,869. నిల్వగా చూపిన 28,391లో ఈ 5,869 ఉంది. దీన్ని వేరే పనికి కదపకూడదు. అంటే సంఘం తన అవసరాలకు వాడుకోగలిగేది 22,522 మాత్రమే.

పసిపిల్లల ఒంటికి తగిలే వైపు కొత్త మల్ గుడ్డ వేస్తున్నాం. కొన్న వెంటనే ఉతికి ఆరబెట్టాకే కత్తిరించాలి. మీటరు గుడ్డ 39 అంగుళాలుంటే, ఉతికాక 37 అంగుళాల పైచిలుకు అవుతుంది. ఉతకకుండా వేస్తే, ఎప్పుడో కుదించుకుపోయి ఉన్న పాత చీర పొరల మీద కొత్తది కుదించుకుని బొంతంతా ముడతలు పడుతుంది. 120 మీటర్లలో రెండు మీటర్లు నేతలో లోపం వల్ల పోయాయి. కుట్టు బియ్యపు గింజంతే ఉండాలి, పొడుగైతే పిల్లల వేళ్లు చిక్కుకుంటాయి. ముడి పొరల మధ్యకు లాగేయాలి. జరీ అంచు, చమ్కీలు, బొత్తాలు ఏవీ ఉండకూడదు. బొంత పిల్లల కింద పరచడానికి, పెద్దవాళ్లు ఎత్తుకున్నప్పుడు చుట్టడానికి. నిద్రలో మొహం మీదికి వచ్చేలా కప్పవద్దని ఇచ్చేటప్పుడు తల్లికి నోటితో చెబుతున్నాం.

అమ్మకం జనవరి 4, 5 తేదీల్లో. పెద్ద బొంతలు 17, ఒక్కోటి 1,400 చొప్పున 23,800. రంగుల చిన్న బొంతలు 26, 350 చొప్పున 9,100. సంచులు 60, 80 చొప్పున 4,800. పెద్దవి మూడు, చిన్నవి నాలుగు మిగిలాయి. స్టాలు అద్దె రెండు రోజులకు 5,000, బల్లలు షామియానా 1,200, ఫ్లెక్సీ 600, ఆటో 500.

ఇక్కడ మా అభిప్రాయం దాచకుండా చెబుతాం. పెద్ద బొంత మీద కుట్టినవారికి 840 వెళుతోంది. చీరలకు 76, దారానికి 38, ముక్కలకు 40, ప్రదర్శన ఖర్చులో వాటా 271 పోతే సంఘానికి 135 మిగిలింది. సంఘం సంగతి సరే, కుట్టినవారి మాటేమిటి? రోజుకు రెండు గంటలు కూర్చుంటే పెద్ద బొంతకు మూడు వారాలు పడుతుంది. గంటకు ఇరవై రూపాయలు. దీన్ని కూలి అనడానికి మాకు నోరు రావడం లేదు. వచ్చే ఏడాది ధర 1,800, కుట్టినవారి వాటా నూటికి 65 చేయాలని ప్రతిపాదిస్తున్నాం, అప్పుడు 1,170 వస్తుంది. అమ్మకం తగ్గుతుందన్న భయం ఉంది. మిగిలిన మూడు బొంతలూ ముదురు రంగువే, ధర వల్ల మిగలలేదని మా అంచనా.

శిక్షణ రెండు విడతలు జరిగింది, 12 మంది, 10 మంది. నేర్పినవారికి 4,000, సామగ్రికి 880 పోగా 2,820 మిగిలింది.

వనభోజనాలకు మాత్రం 2,200 లోటు. నవంబరు 17, ఆదివారం, శాలిహుండం. పెద్దలు 38 మంది 250 చొప్పున, పిల్లలు 11 మంది 100 చొప్పున ఇచ్చారు. బస్సు 6,500, సరుకులు కూరగాయలు 4,160, వంటమనిషికి 1,500, గ్యాసు విస్తళ్లు 640. పేర్లిచ్చినవారు 46 మంది పెద్దలు, ఎనిమిది మంది రాలేదు. అక్కడే 2,000 పోయింది. బస్సుకూ పులిహోరకూ వచ్చినా రాకపోయినా ఖర్చు ఒకటే కదా. ఈసారి డబ్బు కట్టినవారి పేరే పేరు. బౌద్ధ స్తూపాలున్న కొండ రక్షిత ప్రదేశం, అక్కడ పొయ్యి వెలిగించకూడదు, కనుక కింద తోటలోనే వంట. ఈ లోటును సాధారణ నిధి నుంచి పూడ్చడం తప్పన్నవారున్నారు. కొత్తగా చేరిన తొమ్మిది మందిలో ఎక్కువమంది వనభోజనాలకు చుట్టంగా వచ్చి చేరినవారేనని కూడా గమనించమంటున్నాం.

స్టాకులో: పెద్ద బొంతలు 3, రంగుల చిన్న బొంతలు 4, చంటిపిల్లల బొంతలు 8, చీరలు 5, దారం కోనున్నర, కత్తెరలు పాతవి నాలుగు, ఈ ఏడాది 480 చొప్పున కొన్నవి రెండు, కుట్టుమిషను ఒకటి. ఇవి కాక ఒక దాత ఇచ్చిన పొందూరు ఖద్దరు పంచెలు నాలుగున్నాయి. సన్నని నూలు, సూది జారినట్టు దిగుతుంది, అడుగుగుడ్డకు అంతకంటే మంచిది దొరకదు. కానీ వాలుగ చేప దవడతో ఏకిన దూది నుంచి చేత్తో వడికిన నూలును కత్తెరకు అప్పగించడానికి కమిటీలో ఇద్దరికి మనసొప్పలేదు. నిర్ణయం సర్వసభ్య సమావేశానికే వదిలేశాం.

ఆ సమావేశం ఏప్రిల్ 12, రెండో శనివారం, మామూలు గదిలోనే. ఓచర్లు, రసీదు పుస్తకాలు, బ్యాంకు పుస్తకం ఒక గంట ముందు నుంచి బల్ల మీద ఉంటాయి. అభ్యంతరం ఉన్నవారు ఓచరు నంబరు వేసి రాసివ్వండి, అదే రోజు జవాబిస్తాం. కత్తెరలు ఇళ్లకు తీసుకెళ్లినవారు ఆ రోజు తెచ్చి అప్పగించాలి, సాన పట్టించాలి.

కార్యదర్శి, కోశాధికారి, కమిటీ సభ్యులు