ఈస్టర్ వేకువన సమాధుల తోటకు లైట్లు పెట్టరా?

సంపాదకులకు,

అయ్యా,

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలైన శ్రమకాలం నడుస్తోంది. 2026 ఫిబ్రవరి 18న బూడిద బుధవారంతో మొదలైంది, ఏప్రిల్ 5న ఈస్టర్. ఉపవాస కూటాలు, ఇళ్లలో సాయంకాల ప్రార్థనలు, శుభ శుక్రవారం మధ్యాహ్నం, శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన, వీటి సంగతి సంఘాలే చూసుకుంటాయి. నేను రాస్తున్నది చర్చి బయట జరిగేదాని గురించి. మా కోస్తా జిల్లాల్లో ఈస్టర్ అంటే సమాధుల పండగ కూడా. శనివారానికల్లా సమాధులకు సున్నం వేసి, చెరిగిపోయిన పేర్లు నల్లరంగుతో దిద్ది, ఆదివారం ఇంకా చీకటి ఉండగానే పూలు, కొవ్వొత్తులు పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు తోటకు చేరతాయి. ఆదివారం తెల్లవారుతుండగా స్త్రీలు సుగంధ ద్రవ్యాలు తీసుకుని యేసు సమాధి దగ్గరకు వెళ్లారని సువార్తల్లో ఉంది. ఆ వేళకు వెళ్లడమే ఆచారం. ఎండెక్కాక రండి అంటే కుదిరే పని కాదు.

ఆ వేళకు మా పట్టణంలో తోట ఎలా ఉంటుందో చెబుతాను. గేటు దాటగానే సర్కారు తుమ్మ. పోయినేడు మా ముందు వెళ్తున్న ఒక పెద్దావిడ కొంగు ముళ్లకు చిక్కుకుంటే మనవడు ఫోన్ లైటు నోట కరుచుకుని ఒక్కో ముల్లూ విడదీశాడు. ఆవిడకు చదువు రాదు. వేపచెట్టుకు ఎడమ పక్కన మూడో సమాధి, అదే గుర్తు. ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు. పిల్లాడు రాళ్ల మీద మట్టి తుడుస్తూ పేర్లు చదువుతుంటే, ఆవిడ "మీ తాతది కాదయ్యా, ముందుకు పద" అంటూ వెనకాలే నడిచింది. ముందురోజు సున్నం కలపడానికి చుక్క నీళ్లు లేక జనం బళ్ల మీద బిందెలతో తెచ్చుకున్నారు. ఈస్టర్ ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది కాబట్టి ఆ వేకువన ఎంతో కొంత వెన్నెల ఉంటుంది. మా మున్సిపాలిటీ దాన్నే నమ్ముకున్నట్టుంది.

అడిగితే ఒక ఉద్యోగి, "మీ పండగ తారీఖు ఏటా మారుతుంది కదండీ, మాకెలా గుర్తుంటుంది?" అన్నారు. మారుతుంది, నిజమే. కానీ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య తప్ప ఇంకెక్కడికీ పోదు. వచ్చే ఏడు, అంటే 2027లో, మార్చి 28 అని ఇప్పుడే చెప్పొచ్చు. పైగా పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల జాబితాలో శ్మశానాలు కూడా ఉన్నాయి, రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు తీసి చూడొచ్చు. తెలంగాణలో పల్లెప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఊళ్లలో వైకుంఠధామాలు, అంటే శ్మశానవాటికలు, కట్టారు. మేం కట్టడాలు అడగడం లేదు. పండగకు వారం ముందు తుప్పలు కొట్టించి, శనివారం ఒక నీళ్ల ట్యాంకర్ పంపి, ఆ రాత్రికి నాలుగు లైట్లు కట్టిస్తే చాలు.

యేసు తిరిగి లేచిన ఖాళీ సమాధిని ప్రకటించాల్సిన రోజున నిండిన సమాధులకు అలంకారమేమిటని కొందరు పాస్టర్లు కోప్పడతారు. అది మేమూ మేమూ తేల్చుకునే విషయం. ఆ పాస్టర్ల మాట విని ఇంట్లో ఉండేవాళ్లు ఉండొచ్చు, తోటకు వచ్చేవాళ్లు మాత్రం ఏటా వేలల్లో వస్తూనే ఉన్నారు.

మా వాళ్లకూ ఒక మాట. సోమవారం పొద్దున తోటకు వెళ్తే ప్లాస్టిక్ దండలు, థర్మాకోల్ శిలువలు, బిర్యానీ పొట్లాలు గుట్టలుగా కనిపిస్తాయి. బంతిపూలు నాలుగు రోజుల్లో మట్టిలో కలిసిపోతాయి, ప్లాస్టిక్ దండ మళ్లీ ఈస్టర్‌కీ అక్కడే ఉంటుంది. కేథలిక్కులు, లూథరన్లు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, బాప్టిస్టులు బతికున్నన్నాళ్లూ ఎవరి చర్చికి వాళ్లు వెళ్లినా మా ఊళ్లో చివరికి చేరేది ఒకే ప్రహరీలోకి. అయినా ఆ ప్రహరీ కూలితే ఎవరు కట్టాలో తేలదు. శ్రమకాలంలో చాలా ఇళ్లలో పిడికెడు బియ్యం తీసి పెడతారు, మాంసం మానేసిన డబ్బు కానుకలో వేస్తారు. అందులో కొంత తోట కాపలాదారుడి జీతానికి పోతే తప్పేముంది? ఏ సమాధి ఎవరిదో రాసిపెట్టే పుస్తకం ఒకటి అన్ని సంఘాలకూ కలిపి ఉంటే ఆ పెద్దావిడ చీకట్లో అంత వెతుక్కునేది కాదు.

మార్చి 29, ఈస్టర్‌కు ముందు ఆదివారం, మట్టల ఆదివారం. అంతకుముందే మున్సిపల్ కమిషనర్లు ఒక్కసారి తోటకు వెళ్లి చూడాలని మనవి. పగలు కాదు, తెల్లవారుజామున నాలుగింటికి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు జిల్లా