నా కోసమని గేర్ల కారు కొనొద్దు

తిరుపతి, కొర్లగుంట
2022 డిసెంబరు 11

అమ్మణ్ణీ,

నువ్వు మొన్న పెట్టిన వాయిస్ మెసేజీ మూడుసార్లు విన్నా. ఏడు నిమిషాల్లో ఆరు నిమిషాలు కారు గురించే. ఫోన్లో జవాబు చెబుదామంటే మధ్యలో అడ్డమొస్తావు, నేను అనుకున్నది మర్చిపోతాను. అందుకే కాయితం తీసుకున్నా. రాసినాక మీ తమ్ముడు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. నా చేతిరాత నీకు కొత్త కాదు కదా, ఓపిగ్గా చదువుకో.

మెసేజీలో ఒకచోట ఆగిపోయినా. "తిరుమల ఘాట్ బస్సు డ్రైవర్ కూతుర్ని, ఆటోమేటిక్ కొంటే నువ్వు నవ్వుతావు నాన్నా, అందుకే చేత్తో గేర్లు వేసే మాన్యువలే" అన్నావు. నేను నవ్వను. ముప్పై ఏండ్లు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు నాది. రిటైరై ఆరేండ్లయినా, పొద్దున మంచం దిగేటప్పుడు అది ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు మూలుగుతాది. ఇప్పుడు ఊళ్ళో తిరిగే ఆటోమేటిక్ కార్లను చూస్తే నవ్వు రాదు, అసూయ వస్తాది. నా పేరు చెప్పి మాత్రం ఏదీ కొనొద్దు. మిగతాది మాట్లాడుకుందాం.

బీఎండబ్ల్యూ ఎం2 అన్నావు, వచ్చే ఏప్రిల్‌లో షోరూములకు వస్తాదన్నావు. మీ తమ్ముడి చేత అంతా చదివించుకున్నా. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు, 453 హార్స్‌పవర్. కొండెక్కే మా బస్సుకు ఇందులో సగం కూడా లేదు, యాభై మందిని కూర్చోబెట్టుకుని ఎక్కేది. ధర 62,200 డాలర్లు, బండిని షోరూముకు చేర్చే ఖర్చు వేరే. డాలరు 82 లెక్కన 51 లక్షలు. ఈ అంకె మీ అమ్మకు చెప్పలేదు. నువ్వే చెప్పుకో.

ఒక చోట నువ్వు తప్పు చెప్పినావు. నీ స్నేహితులు డ్యూయల్ క్లచ్ గొప్పదా మాన్యువల్ గొప్పదా అని కొట్టుకుంటున్నారన్నావు. ఈ కొత్త ఎం2లో డ్యూయల్ క్లచ్ లేదు. పాత ఎం2లో ఉండేది, ఏడు గేర్లది. కొత్తదానికి పెట్టింది టార్క్ కన్వర్టర్‌తో నడిచే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. లేదంటే ఆరు గేర్ల మాన్యువల్. లేని వస్తువు మీద పందేలు వేసుకుంటున్నారు మీరు.

తేడా ఏమంటే, డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి, మూడు, ఐదు గేర్లు ఒకదాని మీద, రెండు, నాలుగు, ఆరు ఇంకోదాని మీద. నువ్వు రెండులో పోతావుంటే మూడు అప్పటికే పడి సిద్ధంగా ఉంటాది, ఒక క్లచ్ వదిలేసి ఇంకోటి పట్టుకుంటాది, అంతే. టార్క్ కన్వర్టర్ అట్లా కాదు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతాది చూడు, అదే పని. గాలికి బదులు ఆయిలు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు ఇది మెత్తగా పోతాది, ఎందుకంటే అక్కడ అరిగేదానికి క్లచ్ ప్లేటు లేదు. డ్యూయల్ క్లచ్ అట్లాంటి చోట్ల సగం పట్టి సగం వదిలి వేడెక్కుతాది. మేము క్లచ్ మీద కాలు ఆనించి నడిపే కొత్త డ్రైవర్లను ఎందుకు తిట్టేవాళ్ళమో అదే కారణం.

ఇంక స్పీడు. సున్నా నుంచి గంటకు 60 మైళ్ళు అందుకునేదానికి ఆటోమేటిక్‌కు 3.9 సెకన్లు, మాన్యువల్‌కు 4.1 అని కంపెనీయే చెప్తాంది. ఆ 0.2 కోసం మీ వాళ్ళు రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నారంటే నాకు నవ్వొచ్చింది. మీ నాన్న ఉద్యోగం చేసిన దారిలో చెప్పిన టైముకంటే ముందు చేరితే టోల్‌గేటు దగ్గర జరిమానా వేస్తారు. తొందరగా వచ్చినందుకు జరిమానా! అట్లాంటి చోట బతికినవాడికి 0.2 సెకన్లు ఏం ఆనుతాయి? బరువు సంగతి అంతే. ఆటోమేటిక్ 3,867 పౌండ్లు, మాన్యువల్ 3,814. తేడా మన లెక్కలో 24 కిలోలు, ఒక బియ్యం మూట. వెనకాల మీ అమ్మ ఊరగాయల పెట్టె పెడితే సరిపాయె.

అందుకే అంకెలు పక్కన పెట్టు. గేరు కర్ర అంటే నిజంగా ఏముందో నాకు తెలిసింది చెప్తా.

నేను చేరినప్పుడు ఇచ్చిన పాత బండికి సింక్రోమెష్ లేదు, అంటే గేరు పళ్ళ వేగాలను దానికదే కలిపే ఏర్పాటు లేదు. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపుకు ముందే నాలుగు నుంచి మూడుకు దించాల. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాల, క్లచ్ వదలాల, యాక్సిలేటర్‌ను ఒక్క తాకు తాకాల, ఇంజను ఊ అని లేచి మళ్ళీ పడే లోపల క్లచ్ తొక్కి మూడులోకి తొయ్యాల. ఆ తాకు ఎక్కువైనా తక్కువైనా గేరు పళ్ళు కొరుకుతాది. నా పక్కన ఇంజను బానెట్ మీద ఒక పెద్ద డ్రైవరు కూర్చునేవాడు, నాకు నేర్పించేదానికి. ఆయన రోడ్డు చూసేవాడు కాదు. కండ్లు మూసుకుని తుండుగుడ్డ మొహం మీద వేసుకునేవాడు. అవ్వాచారి కోన పక్కన మలుపు వస్తాంటే, గుడ్డ కింద నుంచే "పడలేదురా, మళ్ళీ వెయ్" అనేవాడు. నా చేతికి తెలియకముందే ఆయన చెవికి తెలిసేది. ఒకనాడు కొండ మీద నుంచి అక్కగార్ల గుడి దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గుడి దగ్గర ఆపి కర్పూరం వెలిగించి వస్తా, "రేపట్నుంచి నేను రాను, నువ్వే పో" అన్నాడు. నాకు ఉద్యోగం పర్మినెంటయింది కాయితం వచ్చిన రోజున కాదు, ఆ రోజే.

ఇప్పుడు ఆ ఎం2 మాన్యువల్‌లో యాక్సిలేటర్‌ను తాకే పని కారే చేస్తాదంట కదా. గేరు దించేటప్పుడు ఇంజను స్పీడు అదే సరిచేసుకుంటాది, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. మీ తమ్ముడు చదివితే రెండుసార్లు అడిగినా, నిజమేనా అని. నాకు ఏండ్లు పట్టిన విద్య ఒక బటన్ అయిపోయింది. బాధేం లేదు, కొంచెం రోషం మాత్రం వచ్చింది.

అయినా మాన్యువల్ కావాలని జనం పట్టుబట్టేది ఆ రోషం వల్లనే అనుకుంటా. పోర్షే వాళ్ళు 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా మారే పీడీకే గేరుబాక్సుతోనే అమ్మినారు. అభిమానులు గోల పెట్టినారు. 2016లో 911 ఆర్ అని మాన్యువల్‌తో 991 కార్లే చేస్తే అవి అసలు ధరను మించి చేతులు మారినాయి. 2017కి జీటీ3లోనే మాన్యువల్ మళ్ళీ వచ్చింది. టయోటా సుప్రా కూడా 2019లో ఆటోమేటిక్ ఒక్కటే, ఈ సంవత్సరమే మాన్యువల్ పెడతామన్నారు. దీన్ని చూసి నీ స్నేహితుడు "మాన్యువల్ కొంటే రేపు అమ్మేటప్పుడు లాభం" అన్నాడన్నావు. అది వేరే యాపారం. కారు కొని షెడ్డులో గుడ్డ కప్పి పెట్టేవాళ్ళది. నువ్వు ఆఫీసుకు తోలుకుపోయే కారుకు ఆ లెక్క వెయ్యొద్దు.

సరే, నీ 62,200 ఎట్లా చూడాల? నేను ఇట్లా చూసినా. అదే కంపెనీలో దీని తమ్ముడి లాంటిది ఒకటుంది, ఎం240ఐ ఎక్స్‌డ్రైవ్. 382 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవరు పోతాది, ఆటోమేటిక్ మాత్రమే. 2022 మోడల్ 48,550 డాలర్లు. 60 మైళ్ళు అందుకునేదానికి 4.1 సెకన్లు. ఆ అంకె గుర్తుపట్టినావా? ఎం2 మాన్యువల్‌ది కూడా అంతే. 13,650 డాలర్లు తక్కువ, మన డబ్బుల్లో పదకొండు లక్షల పైమాట. పైగా మీ చికాగోలో మంచు పడతాది. ఎం2కు వెనక చక్రాలే తిరుగుతాయి, మంచు టైర్లు వేరే కొనాల. అందుకని నా మాట ఏమంటే, ఆటోమేటిక్కే తీసుకునేట్టయితే ఎం2 దండగ, ఆ చిన్నదాన్ని తీసుకో. ఎం2కు అంత డబ్బు పెట్టేది ఆ గేరు కర్ర కోసమైతేనే అర్థముంది, అమెరికాలో ఎం2 మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ ధర ఒకటే కాబట్టి. నువ్వు మాత్రం మాన్యువల్‌నేమో నా కోసం తీసుకుంటానంటావు, కారునేమో స్పీడు కోసం. రెండూ తలకిందులుగా ఉండాయి.

నిస్సాన్ జెడ్ సంగతి కూడా అడిగినావు. 400 హార్స్‌పవర్, 39,990 డాలర్ల నుంచి మొదలు, అందులో కూడా మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ ఒకటే ధర. డబ్బుకు విలువ అంటే అదే గెలుస్తాది, నేను ఒప్పుకుంటా. కానీ దానికీ సుప్రాకూ రెండే సీట్లు. ఎండాకాలం మేము వస్తే మీ అమ్మను యాడ కూర్చోబెడతావు? ఎం2కు వెనక రెండు సీట్లుండాయి. కార్బన్ సీట్లు అని ఎక్కువ డబ్బుకు ఏవో ఇస్తారంట, అవి మాత్రం పెట్టించొద్దు. వాటిల్లో దిగి ఎక్కేదానికి నా మోకాలు ఒప్పుకోదు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తా. మొదటి బండి కావాలంటే షోరూం వాడు ధర మీద ఐదువేలో పదివేలో ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేద్దామా అన్నావు. ఇవ్వొద్దు. ఆర్టీసీలో చేరకముందు, 1983లో నేను చిత్తూరులో బెల్లం లారీ మీద పనిచేసేవాణ్ణి. స్కూటర్ బుక్ చేస్తే ఏండ్ల తరబడి నంబరు రాని కాలం. ఒక బ్రోకరు దగ్గర ధర మీద రెండువేలు ఎక్కువిచ్చి కొన్నా, అది అప్పటికి నా మూడు నెలల జీతం. బజారులో అందరూ చూసినారు, వారం రోజులు బాగుండింది. ఎనిమిది నెలలకు మా పక్కింటాయనకు అదే స్కూటర్, అదే రంగు, అసలు ధరకే వచ్చింది. పైగా దానికి స్టెప్నీ కవరు ఉచితంగా ఇచ్చినారు. ఆ రెండువేలు తీర్చేదానికి మీ నాయనమ్మ గాజు ఒకటి తాకట్టులో ఉండింది. ఆ స్టెప్నీ కవరు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాది.

కాబట్టి ఏప్రిల్‌లో కొనొద్దు. కార్లు వస్తాయి, ఎవరో తోలతారు, ఏది అరుగుతాదో ఏది లీకవుతాదో తెలుస్తాది. దసరాకు చూద్దాం. ఈ లోపల ఒక పని చెయ్యి. ఎవరిదైనా మాన్యువల్ బండి అడిగి తీసుకుని, ఆఫీసుకు పోయే టైములో వారం రోజులు నడుపు. ఖాళీ రోడ్డు మీద కాదు, నువ్వు రోజూ తిట్టుకునే ఆ ట్రాఫిక్‌లోనే. నీకు నేను నేర్పించింది మారుతి 800 మీద, కపిలతీర్థం దగ్గర ఎత్తులో. హ్యాండ్‌బ్రేకు వదలకముందే క్లచ్ వదిలి మూడుసార్లు బండి ఆపేసినావు, వెనక జీపు వాడు హారన్ కొడితే దిగి పోయి వాడితో గొడవ పెట్టుకున్నావు. ఆ తర్వాత నాలుగోసారి ఎక్కించినావు. అప్పటి నుంచి నువ్వు క్లచ్ తొక్కింది ఎంత? అమెరికా పోయినాక అసలు లేదు. వారం తర్వాత ఇంటికి వచ్చి బూట్లు విప్పేటప్పుడు ఇంకా నడపాలనిపిస్తే మాన్యువల్ తీసుకో. కాలు లాగుతాందంటే ఆ చిన్న కారు తీసుకో, మిగిలిన డబ్బు బ్యాంకులో వెయ్.

మాన్యువల్ ఎం2నే కొన్నావనుకో, దానికి ఒక పని నాకు బాకీ ఉంటావు. కారు బాగా వేడెక్కినాక, ఖాళీ రోడ్డు మీద, ఆ తనకు తానే స్పీడు సరిచేసే బటన్ ఆపేసి మూడు నుంచి రెండుకు ఒకసారి దించు. నువ్వు ఫోన్ పట్టుకోవద్దు, పక్కన కూర్చున్నవాళ్ళకు ఇయ్యి. వీడియో వద్దు, శబ్దం చాలు. నేను కండ్లు మూసుకుని వింటా.

మీ నాన్న