బాధితుల జాబితాలో పేరు లేని వారి కోసం: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఘోరం జరిగినప్పుడు సాయం మొదట అందాల్సింది దాన్ని అనుభవించిన వారికే. అందులో సందేహం లేదు. కానీ బిడ్డ చావు కబురు ఫోన్‌లో విన్న తల్లి, మృతదేహాలను ఏరి మోసిన సిబ్బంది, అత్యాచారం కేసుల ఫైళ్లు రోజూ చదివే పోలీసు కూడా నిద్రకు దూరమవుతున్నారు. కోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటను మరో భాషలోకి మార్చి చెప్పే మనిషి, సంగతి మరీ కష్టం. బాధితురాలు చెప్పిందంతా "నన్ను కొట్టారు, నన్ను కట్టేశారు" అంటూ దుబాసీ తన నోటితోనే చెప్పాలి. విచారణ ముగిశాక ఆ మాటలు ఆ దుబాసీతోనే ఇంటికి వస్తాయి. ఆ దుబాసీని ఎలా ఉన్నావని అడిగే బాధ్యత ఎవరిది?

వీళ్లది సున్నితత్వమని కొట్టిపారేయడం అన్యాయం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో సవరించిన వ్యాధి నిర్ధారణ ప్రమాణాల్లోనే, దగ్గరివారికి హింస లేదా ప్రమాదం జరిగిందని తెలియడాన్నీ, ఉద్యోగంలో భాగంగా ఘోరమైన వివరాలకు పదేపదే గురికావడాన్నీ పీటీఎస్‌డీకి (ఘోరం తర్వాత పీడకలలు, ఉలికిపాటు వదలని మానసిక సమస్యకు) దారితీయగల పరిస్థితులుగా చేర్చారు.

దయచేసి అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కసారి జరిగిందంతా చెప్పించి పంపేసే పద్ధతి మాత్రం వద్దు. ఇలాంటి ఒక్కరోజు డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపుతుందనడానికి ఆధారం లేదని, కొందరికి హాని కూడా చేయవచ్చని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్షే తేల్చింది. నిద్రమాత్రలు రాసిచ్చి సరిపెట్టడమూ పరిష్కారం కాదు.

కావలసింది పెద్ద ఖర్చు కాదు. మొదటి రోజుల్లో పక్కన కూర్చుని వినే మనిషి, సెలవు, ఇంటి పనుల్లో సాయం చాలామందికి సరిపోతాయి. టెన్షన్ తగ్గనివారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన కౌన్సెలింగ్ పద్ధతి ఉంది: వారానికోసారి గంటన్నర, మొత్తం ఐదు సార్లు. శిక్షణ, పర్యవేక్షణ ఉంటే మానసిక వైద్యులు కానివారూ దీన్ని నడపగలరు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు వదలకపోతే నిపుణుల దగ్గరికి పంపాలి.

అందుకే అడుగుతున్నాను. ఈ ఐదు విడతల సాయానికి "బాధితులు" అన్న ధ్రువీకరణ పత్రం అడగకండి, బాధపడుతున్నామన్న వారి మాటే చాలనండి. ఉద్యోగులకైతే పని వేళల్లోనే సమయం ఇప్పించండి. సాయం తీసుకున్నట్టు సర్వీసు రికార్డులో రాయకూడదని స్పష్టంగా ఆదేశించండి. ప్రమోషన్ పోతుందన్న భయమే చాలామంది నోరు నొక్కేస్తోంది. మార్చురీ సిబ్బంది, అత్యవసర ఫోన్లు ఎత్తేవారు, దుబాసీలతో మొదలుపెట్టండి. ఆ ఉత్తర్వు ఎప్పుడు వస్తుందో బహిరంగంగా చెప్పండి.

ఇట్లు,
ఒక కౌన్సెలర్